వదినగారి కూర

మా అన్నయ్య నోట్లో నువ్వుగింజ నానదు. చిన్నప్పుడు అమ్మ పంచదార డబ్బా ఎక్కడ దాచిందో వీధి వీధంతటికీ వాడే చెప్పేవాడు. పెద్దయ్యాక మారతాడనుకున్నాం. పెళ్ళయ్యాక భార్య మారుస్తుందనుకున్నాం. ఇద్దరు పిల్లల తండ్రయ్యాడు కానీ, నోరు మాత్రం పుట్టినప్పుడు తెరిచింది తెరిచినట్టే ఉంది.

ఆ నోటి వల్ల మా వదినకు జరిగింది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మండడం చిన్నమాట, అసహ్యం వేస్తుంది.

మాది రెండు గదుల ఇల్లు. ముందుగదిలో కిటికీ పక్కన నా కుట్టుమిషను, వెనకగదిలో పొయ్యి, దాని వెనక కుళాయి. అమ్మ, అన్నయ్య, వదిన, ఇద్దరు పిల్లలు, నేను. అన్నయ్య అట్టపెట్టెల ఫ్యాక్టరీలో పని చేస్తాడు. వారం జీతం రాగానే అద్దె, బడి ఖర్చు, అమ్మ మందులు పోగా మిగిలింది వదిన చేతిలో పోస్తాడు. నా కుట్టుపని డబ్బులూ అందులోనే కలుస్తాయి. ఇంకొకరైతే ఆ డబ్బుతో మూడు రోజులు నెట్టుకొచ్చి నాలుగో రోజు పక్కింటి తలుపు తట్టేవాళ్ళు. వదిన వారమంతా మా కడుపులు నింపేది. ఊరికే నింపడం కాదు. పిల్లలు కంచాలు నాకేవాళ్ళు. పళ్ళు లేని అమ్మ మాట్లాడకుండా కంచం ముందుకు జరిపేది. కోడలి వంటను నోటితో మెచ్చుకోవడం మా అమ్మకు చేతకాదు. కంచం జరిగిందంటే మెచ్చుకున్నట్టే.

ఇందులో మంత్రమేమీ లేదు. వీధి మూల కూరగాయల కొట్టాయన సాయంత్రం కొట్టు కట్టేసే ముందు దెబ్బ తిన్నవీ, మెత్తబడినవీ, వంకరటింకరవీ ఏరి ఒక కుప్ప పోసేవాడు. వదిన దాన్ని గంపగుత్తగా బేరమాడి తెచ్చేది. ఆ తర్వాతే అసలు పని. కుళాయి దగ్గర పీట వేసుకుని, చిన్న చాకుతో, ఒక్కొక్కటీ తిప్పి తిప్పి చూసేది. వాసన చూసేది. మెత్తటి టమాటాలు ఆ పూటే ఉప్పువేసి ఉడికించి సీసాకెత్తేది. గట్టిగా ఉన్నవి గుడ్డలో చుట్టి రేపటికి పెట్టేది. కాలీఫ్లవరు కాడకు తొక్క తీసి లోపలి తెల్లముక్క పిల్లల చేతికిచ్చేది. అలా మిగిల్చిన డబ్బుతోనే మా ఇంట్లో గుడ్లు, పాలు, వారానికొకసారి మాంసం.

"క్యారెట్టుకి మచ్చ వస్తే మచ్చ వరకు కోసేస్తే చాలు. టమాటాకి బూజు వస్తే టమాటానే పారెయ్యాలి" అని నాకు నేర్పేది.

"మరి మా అన్నయ్య ఏ జాతి వదినా?"

"క్యారెట్టే అమ్మాయ్. కోసుకుంటూ లాక్కొస్తున్నా."

ఇలా నవ్వుకుంటూ ఉండగా ఫ్యాక్టరీ మేనేజరు ఒకరోజు క్యాంటీన్ బల్లల మధ్యకు వచ్చి, ధరలు పెరిగిపోయాయని, మధ్యాహ్నభోజనం పెట్టడం భారమైపోతోందని వాపోయాడట. జీతంలో పట్టుకునే పెడతారు ఆ భోజనం, ఏదో తన కన్నకూతురి పెళ్ళికి పిలిచి పెడుతున్నట్టు. అందరూ తలలు వంచుకుని తింటున్నారు. మా వాడు లేచి నిలబడ్డాడు.

"మా ఆవిడ ఆరుగురికి పెడుతుంది సార్, చాలా తక్కువలో. రుచి చూస్తే మీరు నమ్మరు."

అక్కడితో ఆపినా బాగుండేది. ఏ మూల కొట్టు, ఏ వేళకు కుప్ప పోస్తారు, ఎలా బేరమాడాలి, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పేశాడు.

మరుసటి వారం కార్మికుల మీటింగుకి వదినను పిలిచారు. తోడుగా నేనూ వెళ్ళాను. వేదిక మీద ఆమెకొక స్టీలు క్యారేజీ ఇచ్చారు. "ఒక ఇల్లాలు చేయగలిగింది, ఇంత పెద్ద సంస్థ చేయలేదా" అన్నాడు మేనేజరు. చప్పట్లు కొట్టారు. అన్నయ్య చేతులు కందేలా కొట్టాడు. వదిన సిగ్గుపడుతూ క్యారేజీని చీరచెంగుతో తుడుచుకుంది. మేనేజరు ముఖంలో ఆ నవ్వు నాకు నచ్చలేదు. అయినా నేనూ చప్పట్లు కొట్టాను.

రెండు రోజులు గడిచాయి. సాయంత్రం వదిన ఖాళీ సంచితో తిరిగొచ్చింది. వెనకాలే కొట్టాయన పరుగున వచ్చి గడప దగ్గరే నిలబడ్డాడు.

"ఏమనుకోకమ్మా. ఫ్యాక్టరీ వ్యాను వచ్చింది. మొత్తం కుప్ప, రోజూ వాళ్ళకే కావాలన్నారు. నీకంటే కాస్త ఎక్కువే ఇస్తున్నారు. నాకూ పిల్లలున్నారు కదా." నాలుగు ఉల్లిపాయలు గడపమీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆయన్ని తిట్టి లాభం లేదు.

పోనీ, వాళ్ళైనా తిన్నారా? ఏరడానికి మనిషిని పెట్టుకోవాలంటే డబ్బు దండగని మేనేజరు అనుకున్నాడు. వ్యానులోంచి దిగింది దిగినట్టు గంగాళంలోకి పోయింది. బూజూ, పురుగూ, కుళ్ళూ అన్నీ కలిసి ఉడికాయి. అన్నయ్య స్నేహితుడొకడు జిగురు మరమీద పని చేస్తాడు, అందుకే అందరూ బంక అంటారు. ఆ బంక గరిటెకు తగిలిన తెల్లపురుగును బల్లమీద పెట్టి, "ఒరే, మీ ఆవిడ దీన్ని ఎన్ని నిమిషాలు ఉడికిస్తుందిరా?" అని అడిగాడట. ఆ రోజు నుంచి ఆ వంటకానికి పేరు స్థిరపడిపోయింది. వదినగారి కూర. మూడొందల మంది మగాళ్ళు దాన్ని నోట్లో పెట్టుకుని, ఉమ్మి, మా వదిన పేరు చెప్పి తిట్టారు. మేనేజరుకు మాత్రం భోజనం ఇంటి నుంచి వస్తుంది.

ఈ సంగతి కూడా మా వాడే ఇంటికొచ్చి చెప్పాడు. దాచుకోవడం రాదు కదా. వదిన గరిటె పక్కన పెట్టింది.

"నా పేరే పెట్టారా?" అంది.

"సరదాకంటున్నార్లే."

"నీ నాలుక కోసి ఆ గంగాళంలో వేసినా బాగుండేది" అన్నాను నేను. "మాంసం కూర అయినా అయ్యేది." అమ్మ నన్ను కసరలేదు. ఆరోజు కంచం జరపనూ లేదు.

ఫ్యాక్టరీ తిండి మానేసిన అన్నయ్య మధ్యాహ్నానికి ఇంటి నుంచే పట్టుకెళ్ళడం మొదలుపెట్టాడు. కుప్ప పోయింది, తినే పూట పెరిగింది. క్యాంటీను కోత మాత్రం జీతంలో ఆగలేదు. గోరుచుట్టుపై రోకటిపోటు. పిల్లలకు చెరో గుడ్డు పోయి ఇద్దరికీ ఒకటైంది. పాలలో నీళ్ళు కలిశాయి. చిన్నది గ్లాసులోకి చూసి, "అమ్మా, ఇవి ఉతికిన పాలా?" అంది. వదిన అప్పుడు ఏడ్చింది. మేం మాత్రం వేరే వైపు చూశాం.

ఏడ్చి ఊరుకునే మనిషి కాదు. తెల్లవారకముందే నన్ను లేపి బస్టాండు అవతల లారీల సరుకు దిగే చోటికి తీసుకెళ్ళింది. అక్కడ చిరిగిన బస్తాల్లోంచి రాలినవి హమాలీలు ఒక పక్కకు తోసి అమ్ముతారు. బురద, తొక్కలు, ఎద్దులు తొక్కిన కాయలు. ముక్కు మూసుకుని నేను నిలబడితే, వదిన మోకాళ్ళమీద కూర్చుని ఏరింది. మళ్ళీ కుళాయి దగ్గర పీట పడింది. మళ్ళీ చెరో గుడ్డు వచ్చింది.

"ఏవే, ఇవి ఎక్కడివి?" అన్నాడు అన్నయ్య మొదటి ముద్దకే.

"కొన్నానండీ."

అంతే చెప్పింది. కట్టుకున్నవాడికి కూర ఎక్కడిదో చెప్పలేని కాపురమైంది వాళ్ళది. తర్వాత క్యారేజీ సర్దుతూ మెల్లగా అంది. "ఎవరైనా అడిగితే కూర బాగాలేదని చెప్పండి. మీరు నాకు ఇంకే సాయమూ చెయ్యొద్దు."

నోరు కట్టుకోవడం వాడికి ఉపవాసం కంటే కష్టం. వాడి వల్ల కాదనే అనుకున్నాను. నిన్న పొద్దున్న బంక పనికి పోతూ మా గుమ్మం దగ్గర ఆగాడు.

"నీ క్యారేజీ మూత తీస్తే మా బల్ల వరకు వాసనొస్తోందిరా. ఏం వండుతోందిరా మీ ఆవిడ? ఎక్కడ కొంటోంది?"

నా మిషను ఆగిపోయింది. అన్నయ్య నోరు తెరిచాడు. వెనకగది వైపు ఒకసారి చూశాడు.

"ఏం వంటరా బాబూ. మా ఆవిడకి వంట చేతకాదు. ఏదో కుక్క కూడా ముట్టని గడ్డి. పెళ్ళి చేసుకున్న పాపానికి తింటున్నా" అన్నాడు.

బంక జాలిగా వాడి భుజం తట్టాడు.

నేను వెనకగదిలోకి చూశాను. ఆ మాట విన్న వదిన ముఖం వెలిగిపోయింది. వేదిక మీద చప్పట్లు కొట్టినప్పుడు కూడా ఆమె అంత సంతోషపడలేదు. మూతపెట్టిన క్యారేజీని మళ్ళీ తెరిచి, అన్నయ్య గిన్నెలో ఇంకో గరిటెడు కూర వేసింది.