పాత రింగు ఏదీ?

మా ఫోర్‌మన్ గారు పోయారు. పోయిన శుక్రవారం పొద్దున్నే వారి అమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. నేను అప్పుడు ఉక్కునగరంలో మా కూతురి క్వార్టర్లో కాఫీ తాగుతున్నాను. "మా అబ్బా పోయినారు అన్నయ్యా. మజ్జాన్నం నమాజు అయినాక తీసుకెల్తారు" అంది. గ్లాసు కింద పెట్టాను, మళ్ళీ ముట్టుకోలేదు. ఎవరు నాన్నా అని మా కూతురు అడిగితే, నాకు అన్నం పెట్టిన మనిషి అని చెప్పాను. ఆయనకు ఆ మాట కూడా చాలదు.

ఆయనది పాతనగరం. వాళ్ళ నాన్నగారు ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవారట. ఈయన మాత్రం విమానాల దగ్గర తేలారు. ఎనభైల మొదట్లో, ఉక్కు కర్మాగారం కోసం ఇంకా నేల చదును చేస్తున్న రోజుల్లో, విమానాశ్రయం పక్కనున్న ఒక చిన్న కంపెనీ షెడ్డులో నేను ఆయన కింద మెకానిక్‌గా చేరాను. ఆ కంపెనీ ఇప్పుడు లేదు. ఆయన సంతకం పడనిదే అక్కడ ఏ విమానమూ లేవకూడదు.

ఇంజను దగ్గరికి వెళ్ళే ముందు ఆయన వాచీ, వేలి ఉంగరం, జేబులో పెన్ను తీసి ఒక డబ్బాలో పెట్టేవారు. మా జేబులు కూడా తడిమి చూసేవారు. పెళ్ళికొడుకుని కూడా ఇంత సోదా చెయ్యరు గురువు గారూ అంటే నవ్వేవారు గానీ తడమడం మానేవారు కాదు. టీ సాసర్లో పోసుకుని, షెడ్డు అవతలిదాకా వినబడేలా జుర్రేవారు. "కన్ను సగమే సూత్తాది. మిగతా సగం ఏలు సూడాల" అనేది ఆయన మాట.

ఇంకో అలవాటు ఉంది. ఏ భాగం మార్చినా, విప్పిన పాతదాన్ని తెచ్చి ఆయన చేతిలో పెట్టాలి. అరచేయి చాచి "ఏదీ?" అనేవారు. అది చేతిలో పడ్డాకే సంతకం. మాకు ఇది చాదస్తంగా ఉండేది. ఆయన వెనకాల మేమూ అరచేతులు చాచి ఒకరినొకరు వెక్కిరించుకునేవాళ్ళం.

ఒకరోజు మా ఆవిడను పురిటికి పంపాలి. సాయంత్రం దువ్వాడలో పాసింజరు బండి. సముద్రపు ఒడ్డున ఫొటోలు తీసే రెండింజన్ల చిన్న విమానానికి కుడివైపు ఇంజనులో ఆయిల్ ఫిల్టర్ మార్చడం నా పని. పాత ఫిల్టర్ విప్పాను, కొత్తది బిగించాను. ఫిల్టరుకీ ఇంజనుకీ మధ్య కుక్కరు మూతకు ఉన్నట్టే ఒక రబ్బరు రింగు ఉంటుంది. పాత ఫిల్టరుతో పాటు దాని రింగు కూడా ఊడి రావాలి. వచ్చిందో లేదో నేను చూడలేదు. నా ధ్యాసంతా బండి మీదే ఉంది.

ఆయన వచ్చి అరచేయి చాచి, పాత రింగు ఏదీ అన్నారు. చెత్తడబ్బాలో పడేశాను గురువు గారూ అన్నాను. చూడనిదాన్ని చూసినట్టు చెప్పాను. ఆయన ఒకసారి డబ్బావైపు, ఒకసారి గోడ గడియారం వైపు చూశారు.

"ఎల్లు. ఆ పిల్ల ఎదురుసూత్తాది" అన్నారు.

నేను బస్సుకి పరిగెత్తాను. తరువాత ఇంజను కాసేపు తిప్పి చూశారట. చుక్క కారలేదు. సంతకం పెట్టేశారు.

మర్నాడు పొద్దున్న నేను రాగానే ఆయన అడిగిన మొదటి మాట, అమ్మాయి బండెక్కిందా అని. అప్పటికే విమానం లేచిపోయింది. అందులో పైలట్, ముగ్గురు సర్వేవాళ్ళు. అరగంట కాలేదు, సాసర్ నోటి దగ్గర పెట్టుకున్న ఆయన అలాగే ఆగిపోయారు. మాకెవరికీ ఇంకా ఏమీ వినబడలేదు.

"ఒక ఇంజనే తిరగతంది" అన్నారు.

సముద్రం వైపునుంచి విమానం కిందుగా వచ్చింది. కుడి రెక్క మీద నూనె నల్లగా పరుచుకుంది. ఎలాగో దిగింది. జాలరిపేట దాటాక ఆయిల్ ముల్లు సున్నాకి పడిపోయిందనీ, ఆ ఇంజను ఆపేసి రెండోదానితో లాక్కొచ్చాననీ పైలట్ చెప్పాడు. నలుగురూ బతికారు.

ఫోర్‌మన్ గారే ఫిల్టర్ విప్పారు. ఇంజను మూతికి అంటుకుని, నల్లబడి, ఇనుములో కలిసిపోయి పాత రింగు అక్కడే ఉంది. దాని మీదే కొత్తది బిగించాను. వేలు పెట్టి ఉంటే తెలిసేది. ఆయన రెండూ ఊడదీసి అరచేతిలో పెట్టుకుని నా వైపు చూశారు.

విచారణకు పైనుంచి అధికారులు వచ్చేదాకా రెండు రోజులు ఆయన ఎవరితోనూ నా ఊసెత్తలేదు. నేను నోరు మూసుకుంటే తప్పంతా సంతకం చేసినాయన మీదికి పోతుంది, నా ఉద్యోగం నిలుస్తుంది. బిడ్డ పుట్టబోతోంది. ఆ లెక్క వేసుకున్నానని ఒప్పుకోవడానికి నాకు సిగ్గుగానే ఉంది. విచారణ రోజున ఆయన నన్ను పక్కకు పిలిచారు.

"సూడకుండా సంతకం ఎట్టీసినాను. ఆ తప్పు నాను సెప్పుకుంటాను. నీది నువ్వే సెప్పుకో బాబూ. నీ నోటితో నాను మాటాడను."

తిట్టి ఉంటే బహుశా నేను మొండికేసేవాణ్ణి. లోపలికి వెళ్ళి, అబద్ధం ఆడానని చెప్పేశాను. నాకు జీతం పెంపు ఆపారు. ఆయన లైసెన్సును ఆరు నెలలు పక్కన పెట్టారు. నన్ను తీసేద్దామని మేనేజరు అంటే ఆయనే అడ్డుపడ్డారట. ఒకసారి కాలినవాణ్ణి పంపేసి, కాలనివాణ్ణి తెచ్చుకుంటామా అన్నారట.

ఆ ఆరు నెలలూ ఆయన మా మధ్య స్టూలు వేసుకుని స్పార్క్ ప్లగ్గులు తుడిచారు. ఒక్కరోజు ముఖం ముడుచుకోలేదు. మాకు కూతురు పుడితే సేమ్యా పాయసం క్యారేజీ నిండా పంపారు. కానీ నేను ఏ పని ముగించినా, తనకు సంతకం పెట్టే హక్కు లేకపోయినా, స్టూలు మీద నుంచే అరచేయి చాచేవారు. ఎవరూ వెక్కిరించలేదు మళ్ళీ. తరువాత నాకూ లైసెన్సు వచ్చింది. రిటైరయ్యేదాకా నా సంతకంతో లేచిన ప్రతి విమానమూ క్షేమంగా దిగింది. అది నా గొప్ప కాదు.

శుక్రవారం మధ్యాహ్నం పాతనగరం ఖబరస్తాన్‌లో, అందరితో పాటు నేనూ మూడు పిడికిళ్ళ మట్టి వేశాను. హార్బర్లో ఓడ కూత పెట్టింది. జనం కదిలినా నేను కదల్లేకపోయాను. చూసుకుంటే నా అరచేయి ఆయన వైపు చాచి ఉంది. కడుక్కోవడానికనుకుని వారి అబ్బాయి చెంబుతో నీళ్ళు పోశాడు. మట్టి పోయింది. ఖాళీ చేతిని అలాగే ఉంచి, ఆయన "ఎల్లు" అనేదాకా నిలబడదామనుకున్నాను.