దాటేసిన గడపలు

మొన్న సాయంత్రం మా గుమ్మం ముందు చెప్పుల చప్పుడు నెమ్మదించింది. ఆగుతుందనుకున్నాను. ఆగలేదు, మళ్ళీ వేగం అందుకుని అవతలింటి వైపు వెళ్ళిపోయింది. పసుపు, కుంకుమల వాసన మాత్రం కాస్త మిగిలింది. వీధిలో ఎవరింట్లోనో పేరంటం, బొట్టు పెట్టి పిలవడానికి బయల్దేరారన్నమాట. నా వయసులో మరొకరైతే ఊరుకునేవారేమో. నేను తలుపు తీసి, "మా ఇల్లు కనపడలేదా అమ్మా?" అని అడిగాను. వాళ్ళలో చిన్నామె కంగారుపడి, "తిరిగొచ్చేటప్పుడు వద్దామనండీ" అంది. సరే చూద్దామని గుమ్మంలోనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఇలా అడిగే గుణం నాకు పుట్టుకతోనే వచ్చింది. దానికొక ఉపయోగం ఉందని తెలిసింది మాత్రం అనసూయమ్మగారి వల్ల.

ఎనభైల మధ్యలో మేం నూజివీడులో ఆవిడ వీధిలోనే ఉండేవాళ్ళం. రెడ్డిగూడెం దారిలో వాళ్ళకి మామిడి తోటలు. పొడగరి, మాట కరుకు, నవ్వు తక్కువ. వీధిలో ఏ శుభకార్యమైనా పిలుపులకి ఆవిడే ముందు నడవాలి. ఎవరింటి తర్వాత ఎవరింటికి వెళ్ళాలో, ఏ గడపలో ఎంతసేపు నిలబడాలో ఆవిడకి తెలిసినట్టు మరొకరికి తెలియదు. ఆ వెండి కుంకుమ భరిణె ఆవిడ చేతిలో కనపడితే, పొయ్యి మీద పాలు వదిలేసైనా ఇల్లాళ్ళు బయటికి వచ్చేవారు.

మా సరళకి అప్పుడు ఏడేళ్ళు. మెడ నిలిచేది కాదు, మాట లేదు, అన్నం మెత్తగా పిసికి పెడితేనే గొంతు దిగేది. మనుషులంటే మాత్రం ప్రాణం. వీధిలో ఎవరి గొంతు వినపడినా మొహం అటు తిప్పేది. మా ఆయన మామిడి లోడుతో లారీ మీద వెళితే వారాల తరబడి రాడు. ఇంటి పెత్తనమంతా మా బావగారిది. కాయ కోతల రోజుల్లో మా అత్తగారితో సహా ఇంట్లో అందరం తోట పనికి పోవాల్సిందే. ఆ వేసవిలో ఒకరోజు, చూసేవాళ్ళు లేక, పాత చీర పీలికతో పిల్లని మంచం కోడుకి కట్టి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి కిందపడి, నుదురు చిట్లి, ఏడ్చి ఏడ్చి గొంతు పోయి ఉంది. కట్టావేంటని అన్నవాళ్ళు వీధంతా ఉన్నారు. కట్టకుండా ఏం చెయ్యాలో చెప్పినవాళ్ళు లేరు. బావగారు మాత్రం తేల్చేశారు. "దూరంగా ఏదో ఆశ్రమం ఉందట, చేర్చుకుంటారట. వచ్చే శుక్రవారం సాయంత్రం బస్సుకి నేనే తీసుకెళ్తాను. ఈలోగా చూసేవాళ్ళు దొరికితే నీ ఇష్టమమ్మా." దొరకరని ఆయనకి తెలుసు.

సరిగ్గా ఆ రోజుల్లోనే అనసూయమ్మగారి కోడలికి సీమంతం. పిలుపులకి బయల్దేరి, మా పక్కింట్లో బొట్టు పెట్టి, మా ఇల్లు వదిలేసి, అవతలింటికి వెళ్ళింది. ఆ సాయంత్రమే వాళ్ళింటికి వెళ్ళాను. వసారాలో కూర్చుని వక్కలు కత్తిరిస్తోంది.

"మా గడప మీకు కనపడలేదా అండీ?"

ఆవిడ చెయ్యి ఆగింది. "కనపడింది. కావాలనే దాటాను."

"ఎందుకనీ?"

"మా కోడలు వద్దంది. కడుపుతో ఉండి నీ పిల్లని చూస్తే పుట్టేవాళ్ళకి తగులుతుందని దాని భయం. మర్చిపోయానని అబద్ధం చెప్పమంటే చెప్తాను."

"వద్దండీ. అయినా నేనొక్కదాన్నే వచ్చేదాన్ని కదా, పిల్లని తెస్తానని ఎవరన్నారు?"

"ఎక్కడ వదిలొస్తావు? మంచానికి కట్టేసా?"

ఆ మాటకి ఆవిడని నేను ఈనాటికీ క్షమించలేదు. "శుక్రవారం దాన్ని పంపించేస్తున్నారు లెండి. ఇక మీ వీధిలో ఎవరికీ భయం ఉండదు" అని చెప్పి వచ్చేశాను.

సీమంతం అయిన మర్నాడు పొద్దున్నే ఆవిడ మా గడపలో నిలబడి ఉంది, చేతిలో భరిణె. నాకు బొట్టు పెట్టింది. లోపలికి వచ్చి, మంచం మీదికి వంగి, మానుతున్న గాయానికి తగలకుండా సరళకీ పెట్టింది. బయటివాళ్ళ వేలు ఆ పిల్ల నుదుటిని తాకడం నేను అప్పుడే చూశాను.

"శుక్రవారం మధ్యాహ్నం మా తోటలో షెడ్డుకి రావాలి. పిల్లతో సహా."

"ఏం పేరంటమండీ?"

"బొట్టు పెట్టాక ఏంటీ ఎందుకూ అని అడగరు." గడప దాటబోతూ ఆగింది. "ఇన్నేళ్ళుగా పిలుపులకి తిరుగుతున్నాను. ఎందుకు పిలవలేదని నన్ను అడిగింది నువ్వొక్కదానివే. నేను దాటేసిన గడపలు ఇంకా ఉన్నాయే భారతీ. అన్నీ గుర్తే నాకు. పిల్లని మీ అత్తగారికి అప్పజెప్పి చెప్పులేసుకో."

ఊళ్ళో నాలాంటి తల్లి ఇంకొకరు ఉన్నారని నాకు అప్పటిదాకా తెలియదు. ఎవరి పిల్లల్ని వాళ్ళు వెనక గదుల్లో పెట్టుకుని బతుకుతున్నాం. ఆవిడ మాత్రం ఎవర్నీ దారి అడగకుండా ఆ ఇళ్ళకే నేరుగా నడిచింది. ఒకచోట తలుపు తియ్యకపోతే వాకిట్లోంచే గట్టిగా పిలుపు చెప్పింది. ఇంకోచోట అత్తగారు, "మా ఇంట్లో అలాంటి పిల్లలెవరూ లేరండీ" అంటుండగానే లోపల్నుంచి మూలుగు వినపడింది. "లేకపోతే లేరు, మీ కోడల్ని పిలవండి" అని, బొట్టు పెట్టి, "పిల్లతో సహా" అనే చెప్పింది. చివరికి తోట కూలీల గుడిసెలకి వెళ్ళాం. అక్కడికి ఎప్పుడూ కబురు పంపడమే తప్ప భరిణె పట్టుకుని వెళ్ళింది లేదు. కోటమ్మ అనే ఆవిడ చేతులు తుడుచుకుని, మళ్ళీ తుడుచుకుని, అప్పుడు నుదురు ఎత్తింది.

శుక్రవారం మధ్యాహ్నం షెడ్డులో చాపలు పరిచి కూర్చున్నాం, నేనూ సరళా ఆవిడా. ఎంతసేపటికీ ఎవరూ రాలేదు. గాలి లేచింది. కాయలు రాలి పైరేకుల మీద పడినప్పుడల్లా సరళ ఉలిక్కిపడుతోంది. "వస్తారంటారా?" అన్నాను. "రాకపోతే నా బొట్టుకి విలువ పోయినట్టే" అంది, దారి మీంచి చూపు తిప్పకుండా. ఆవిడ భయపడగా చూసింది ఆ ఒక్కసారే. నా మనసంతా బస్సు వేళ మీదే ఉంది.

ముందు కోటమ్మ వచ్చింది. బాగా పెరిగిన కొడుకుని చంకనేసుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది. "అమ్మగారూ, వీణ్ణి కూడా తెమ్మన్నారా, నేనే తప్పు విన్నానా?"

"తప్పు వింటే ఇంత బరువు మోసుకొస్తావా? దించు."

తర్వాత ఒకరి వెనక ఒకరు వచ్చారు. తలుపు తియ్యని ఇంటావిడ కూడా వచ్చింది. అందరూ పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని నేల చూపులు చూస్తున్నారు. చివరికి కోటమ్మే సరళ వైపు తిరిగి, "ముద్ద మింగుతాదా అండీ పాప?" అంది. ఏ పాపం చేశావని నన్ను అడిగినవాళ్ళే గానీ, ముద్ద సంగతి అడిగినవాళ్ళు అప్పటిదాకా లేరు. "పలచగా కలిపితే" అన్నాను. "మావోడూ అంతేనండి" అంది. ఇక అక్కణ్ణుంచి అందరి గొంతులూ ఒకేసారి లేచాయి.

"కోతలయ్యేదాకా ఈ సగం షెడ్డు మీది" అంది అనసూయమ్మగారు. "రోజుకి ఇద్దరు పిల్లల దగ్గరుండండి. మిగతావాళ్ళు పనికి పోండి."

అంతలో బావగారు సంచీతో వచ్చారు. "బస్సుకి టైమైంది. పిల్లని ఇటివ్వు."

నేను సరళని గట్టిగా పట్టుకున్నాను. ఆవిడ లేచి నా ముందు నిలబడింది. "పేరంటానికొచ్చిందయ్యా. బొట్టు పెట్టి పిలిచాను. మధ్యలో లేపుకుపోతావా?"

"అయితే రేపు తీసుకెళ్తానండి."

"రేపూ పేరంటమే."

"ఎన్నాళ్ళండీ ఈ పేరంటం?"

"తోటలో కాయ ఉన్నన్నాళ్ళు. తర్వాత మళ్ళీ పిలుస్తాను."

అప్పుడు నాకు గొంతు వచ్చింది. "చూసేవాళ్ళు దొరికితే నా ఇష్టమన్నారు కదా బావగారూ. దొరికారు." ఆయన చాపల వైపు కాసేపు చూసి, సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయారు.

ఆ పేరంటం ఆవిడ పోయేదాకా నడిచింది. అయినా నా ఫిర్యాదు ఒకటి అలాగే ఉంది. మమ్మల్ని షెడ్డుకే పిలిచింది, ఇంట్లోకి ఎన్నడూ పిలవలేదు. ఒకసారి అడిగేశాను. "షెడ్డులో నా మాట చెల్లుతుందే. ఇంట్లో చెల్లదు" అంది. అది నిజమే కావచ్చు. నాకు మాత్రం ఆ జవాబు చాలలేదు. చాలదని ఆవిడకీ చెప్పాను. అందుకేనేమో, మా ఇంట్లో ఏ శుభకార్యమైనా, ఎవరూ తొక్కని గడపల నుంచే నేను పిలుపులు మొదలుపెడతాను.

మొన్నటి వాళ్ళు చీకటి పడకముందే తిరిగి వచ్చారు. చిన్నామె నాకు బొట్టు పెట్టి భరిణె మూత వెయ్యబోయింది. "ఆగమ్మా, లోపల ఇంకొకరున్నారు" అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాను. గుమ్మంలో గొంతులు విని సరళ అప్పటికే మొహం ఇటు తిప్పుకుని, నుదురు ముందుకు పెట్టి ఉంది.