కొండవీటి రాజుగారి కొసరు ఆజ్ఞ

నరసరావుపేటలో ఇంటర్ పిల్లలకు చరిత్ర చెప్పడం నా ఉద్యోగం. నేను పాఠం చెబుతుంటే వాళ్ళు బెంచీ కింద ఫోన్ చూసుకుంటారు. తిట్టీ తిట్టీ విసుగొచ్చి, సరే, నేనే ఆ ఫోన్లోకి వెళ్తానని ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక పేజీ తెరిచాను. ఒకప్పుడు కొండవీటి కోటను ఏలిన రాజు చేతికి ఇప్పుడొక ఫోన్ ఇస్తే ఏం రాస్తాడో, అదీ నా పేజీ. రాసేది నేనని మా ఇంటావిడకు తప్ప ఎవరికీ తెలియదు.

నా రాజుకు కోపం ఎక్కువ. అది నా కోపమేననుకోండి. "ఘాట్ రోడ్డు బాగానే వేశారు. మా ఏనుగుకు రివర్స్ గేరు లేదు, ఎదురొచ్చే బస్సులే వెనక్కి తగ్గాలి" అని ఒకరోజు రాశాడు. "నా కోటగోడ మీద పేర్లు చెక్కుకున్న జంట ఇంతకీ పెళ్లి చేసుకున్నారా లేదా? కనుక్కు రమ్మని మంత్రిని పంపుతున్నాను" అని ఇంకోరోజు. ముందు మా పిల్లలు చూశారు, తర్వాత చిలకలూరిపేట నుంచి, పిడుగురాళ్ల నుంచి ఎవరెవరో చూడటం మొదలుపెట్టారు. క్లాసులో నా మాట చెవిన వేసుకోని పిల్లలు రాజుగారి మాటలు నా ముందే చెప్పుకుని నవ్వుతుంటే లోపల పొంగిపోయేవాణ్ణి. పగలంతా నన్నెవరూ లెక్కచేయకపోయినా సాయంత్రం ఫోన్ తీస్తే నెత్తిన కిరీటం ఉండేది.

ఈ ఏడు సీతాఫలాల కాలంలో ఒక ఆదివారం నేనూ మా ఆవిడా బండి మీద కోటకు వెళ్ళాం. దిగి వస్తుంటే కొండ కింద రోడ్డు పక్కన, నీలం పట్టా నీడలో ఒకావిడ బుట్టలు పెట్టుకుని కాయలు అమ్ముతోంది. బేరం కుదిరింది. సంచీలో పోయించుకున్నాక అలవాటు ప్రకారం కొసరు వేయమన్నాను. కొసరు లేకుండా సరుకు తెచ్చుకోవడం మా ఇంట్లో అవమానం. మా అమ్మ కరివేపాకు రెబ్బైనా కొసరు లాక్కోనిదే కూరగాయల బండిని కదలనిచ్చేది కాదు. ఆవిడ మాత్రం బుట్ట మీద చెయ్యి అడ్డం పెట్టి, "కొసరు లేదు సారూ" అంది. ఒక్క కాయేగా అన్నాను. చెయ్యి తీయలేదు. మా ఆవిడ పోదాం పదండి అంటున్నా వినకుండా, బుట్టనూ ఆ చేతినీ ఫోటో తీసుకున్నాను.

ఇంటికొచ్చి చెప్పులు విప్పేలోపే, ఆ ఫోటో పెట్టి రాజుగారు ఆజ్ఞ జారీ చేశారు. "నా కొండ, నా కాయలు. నా గుమ్మంలో కూర్చుని కొసరు లేదంటారా? రేపటి నుంచి అడిగిన ప్రతివాడికీ రెండు కాయలు కొసరు వేయాలి. వేయకపోతే కోట బురుజుకు కట్టిస్తాను." ముఖం చూపించలేదు కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. వెనక నీలం పట్టా, రోడ్డు మలుపు స్పష్టంగా కనిపిస్తున్నాయి. కొండకు వెళ్ళే ఎవరికైనా ఆవిణ్ణి పోల్చుకోవడానికి అంతకంటే ఏం కావాలి?

అంతకుముందు నా పేజీలో ఏదీ అంతగా పాకలేదు. జనం అక్కడికి వెళ్ళి, రాజాజ్ఞ, కొసరు వెయ్యి అంటూ వీడియోలు తీసి నా పేజీకి పంపించారు. మొదటి వీడియోల్లో ఆవిడ నవ్వుతూనే ఉంది. తర్వాతవాటిలో నవ్వడం లేదు. నాకది కనబడింది. కనబడినా ఒక్కొక్కటీ పేజీలో పెడుతూ పోయాను. ఎందుకని ఇంట్లో అడిగితే ఆవిడకూ బేరాలు పెరుగుతాయిగా అన్నాను.

దసరా సెలవుల్లో మళ్ళీ వెళ్ళాం. నా చేతిలో ఫోన్ చూడగానే, నేను నోరు తెరవకముందే, ఆవిడ రెండు కాయలు తీసి సంచీలో వేసింది. నన్ను గుర్తుపట్టలేదు. వద్దు పిన్నీ అంటూ మా ఆవిడ తిరిగి ఇచ్చేస్తే వింతగా చూసి, అప్పుడు చెప్పుకొచ్చింది.

"ఎవరో రాజు పేరు పెట్టుకుని ఫోన్లో రాస్తాడంట సారూ. వచ్చినోళ్ళంతా ఆయన పేరే చెప్తన్నారు. ఈ కాయలు నాయా ఏంది? కొండ మీద కాయల్ని వేలంలో పాట పాడుకున్నాయన పొద్దున లెక్కబెట్టి ఇస్తాడు. సాయంత్రం తగ్గిన కాయకల్లా నా కూలీలో పట్టుకుంటాడు. చానా పోతన్నయి. ఇట్టాగైతే ఇంకొకళ్ళని కూర్చోబెడతానంటన్నాడు. మీరు చదువుకున్నోళ్ళు గదా, ఆ రాజుకి కాస్త చెప్పండి."

చెబుతానన్నాను. ఆ రాజును నేనేనని మాత్రం చెప్పలేదు. చుట్టూ జనం ఉన్నారని కాదు, ఆవిడ నా ముఖంలోకి అంత నమ్మకంగా చూస్తుంటే సిగ్గుతో చచ్చిపోయాను. ఆ సిగ్గులోనూ నన్ను నేను కాపాడుకున్నాను.

ఇంటికి రాగానే ఆజ్ఞ రద్దు చేశాను. ఆ కాయలు ఆవిడవి కావని, కొసరు ఆవిడ కూలీలోంచి పోతోందని రాశాను. రాజుగారు మెత్తబడ్డారని కొందరు నవ్వారు, లంచం కింద ఎన్ని బుట్టలు ముట్టాయని కొందరు అడిగారు. ఆ రద్దు మాటను మాత్రం ఎవరూ ఎవరికీ పంపలేదు. పాత వీడియోలేమో ఎవరెవరి పేజీల్లోనో తిరుగుతూనే ఉన్నాయి. చివరికి నా పేజీ తీసేశాను. ఆ తర్వాత కొండ కిందికి వెళ్తే నీలం పట్టా కింద ఎవరో కుర్రాడు కాటా పెట్టుకుని కేజీల లెక్కన అమ్ముతున్నాడు. ఆవిడ సంగతి అడిగితే తెలియదన్నాడు.

మొన్న చిలకలూరిపేట నుంచి వస్తూ దారిలో టీ తాగుదామని ఆగాం. పత్తి తీతకు పోయే ఆడవాళ్ళ ఆటో ఒకటి పక్కనే ఆగింది. అందులోంచి ఆ కాయలమ్మిన ఆవిడ నన్ను చూసి గుర్తుపట్టి, తల బయటికి పెట్టింది.

"ఆ రాజుకి చెప్పారా సారూ?"

"చెప్పాను" అన్నాను.

"ఏమన్నాడు?"

మా ఆవిడ టీ తాగడం ఆపి నా వైపు చూస్తోంది. ఇప్పుడైనా చెప్పొచ్చు. ఎవరూ అడ్డం లేరు.

"తప్పయిపోయింది అన్నాడు."

ఆవిడ ఆ మాటన్నా అన్నాడులే అన్నట్టు తలూపింది. "పోనీలే సారూ. మళ్ళీ కనబడితే నాకు కోపమేం లేదని చెప్పండి."

ఆటో కదిలింది. అది మలుపు తిరిగేదాకా అటే చూశాను. మా ఆవిడ గ్లాసు బల్ల మీద పెట్టి, "మరి చెప్పండి ఆయనకి" అంది.