ఇంటర్నల్ మెడిసిన్ ఏ అంతస్తు?

పెద్దాసుపత్రిలో లిఫ్ట్ నడిపే ఆయన గురించి నాలుగు ముక్కలు రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. నేను పెద్దగా చదువుకోలేదు. తప్పులుంటే మీరే సర్దుకోండి.

ఆయన్ని అక్కడ అందరూ కండక్టర్ బాబాయి అంటారు. ఇరవై ఏళ్ళు బస్సులో టిక్కెట్లు కొట్టాడు. మోకాళ్ళు అరిగిపోయి నిలబడలేక, కూర్చుని చేసే పని ఏదైనా ఇప్పించమని అడిగి ఈ లిఫ్ట్‌లో చేరాడట. బస్సు పోయింది గానీ ఆ గొంతు పోలేదు. "రెండో అంతస్తు! ఎముకలు, కళ్ళు! దిగేవాళ్ళని దిగనివ్వండి, తోసుకోకండి!" అని అరుస్తుంటాడు. మూలుగుతూ ఎక్కినవాళ్ళు కూడా ఒక్కోసారి నవ్వేస్తారు.

మా ఆయన వడ్రంగి. రంపం పట్టాడంటే గీత వెంట్రుకవాసి తప్పేది కాదు. అలాంటి మనిషికి చేతులు వణకడం మొదలైంది. మామూలుకన్నా రెండింతలు తినేవాడు, అయినా చొక్కాలు వదులైపోయాయి. గుండెదడ, ఊరికే చెమటలు. చివరికి ఒకరోజు మేస్త్రీ పదిమందిలో "పొద్దున్నే పట్టించి వచ్చావా ఏంటి?" అన్నాడట. జన్మలో చుక్క ముట్టని మనిషిని పట్టుకుని! ఆ రోజు ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు. అన్నం దగ్గరికి కూడా రాలేదు. చేతులు పోతే ఆయన ఇంక ఆయన కాదని నాకు తెలుసు.

ఉన్నంతలో ఇద్దరికి చూపించాం. గుండె డాక్టరు గుండె బాగుందన్నాడు. పొట్ట డాక్టరు పొట్ట బాగుందన్నాడు. అన్నీ బాగుంటే ఈ మనిషెందుకు బాగాలేడో ఎవరూ చెప్పలేదు. మూడో చోట ప్రభుత్వ బీమా కార్డు బయటికి తీస్తే, "ఇది ఇక్కడ చెల్లదమ్మా, పెద్దాసుపత్రికి వెళ్ళండి" అన్నారు.

వెళ్ళాం. విచారణ కిటికీ దగ్గర నేను చెప్పిందంతా విని, ఆ అమ్మాయి తల కూడా ఎత్తకుండా "ఇంటర్నల్ మెడిసిన్‌కి వెళ్ళండి" అంది. మెడిసిన్ అంటే మందులే కదా. ఆసుపత్రి బయట ఒక మందుల షాపుంది, లోపల ఒకటుంది. ఇంటర్నల్ అంటే లోపలిది. ఇందులో తెలియకపోవడానికేముంది అనుకుని, మా ఆయన్ని వెంటబెట్టుకుని లోపలి షాపు వరసలో గంటన్నర నిలబడ్డాను.

"డాక్టరు రాసిన చీటీ ఏదమ్మా?" అన్నాడు షాపతను.

"డాక్టరు కోసమే వచ్చాం బాబూ."

"ఇక్కడ డాక్టరెవరు, నేనా?"

వెనకాల జనం పకపకా నవ్వారు. మర్నాడు కిటికీ దగ్గర మళ్ళీ అదే మాట అన్నారు, నేను మళ్ళీ ఆ షాపు వరసలోనే నిలబడ్డాను. అంటే నా తెలివి ఎంతటిదో చూసుకోండి. రెండోరోజు మా ఆయన లిఫ్ట్ పక్కన గోడకి ఆనుకుని, "ఇంటికి పోదాం పదవే. నా వల్ల కావట్లేదు" అన్నాడు. ఆ మాటకి నాకు ఏడుపొచ్చేసింది.

అప్పుడే లిఫ్ట్ తలుపు తెరుచుకుంది. "ఎక్కుతారా తల్లీ, ఏడవడం అయ్యాక ఎక్కుతారా?" అన్నాడు బాబాయి.

నేను మండిపడి జరిగిందంతా చెప్పాను. ఆయన నవ్వలేదు. "తప్పు నీది కాదులే. పేరు పెట్టినవాడిది" అన్నాడు. "అది షాపు కాదు తల్లీ, డాక్టర్లే. ఒక్కో డాక్టరు మనిషిలో ఒక్కో ముక్క చూస్తాడు. వీళ్ళు మనిషి మొత్తాన్నీ చూస్తారు. నాలుగో అంతస్తు."

"మరి కార్డు?"

"అక్కడ ముగ్గురున్నారు. ఇద్దరికి సాయంత్రం సొంత క్లినిక్కులున్నాయి, కార్డు చూపిస్తే అక్కడికి రమ్మంటారు. అక్కడ కార్డు చెల్లదు. ఒక డాక్టరమ్మ మాత్రం రోజంతా ఇక్కడే. ఆవిడ ముందు కార్డు పెట్టు, మొహం ఏమీ మారదు. ముందు కింద కార్డుల కౌంటర్లో ముద్ర వేయించుకో. పన్నెండో గది అని గట్టిగా చెప్పు. లేకపోతే వాళ్ళిష్టమొచ్చిన గది రాసేస్తారు."

"ఇదంతా మీకెలా తెలుసు బాబాయ్?"

"మా ఆవిణ్ణి చూపించని డాక్టరు లేడు. జబ్బేంటో ఈవిడే పట్టుకుంది. ఇప్పుడు నన్ను రోజూ తిట్టేంత బాగుంది" అన్నాడు. మా ఆయన చాలా రోజుల తర్వాత నవ్వాడు.

పన్నెండో గదిలో డాక్టరమ్మ నా చేతిలో కార్డు తీసుకుని, నంబరు రాసుకుని, తిరిగి ఇచ్చేసింది. అంతే. నేను రెండు రోజులుగా కూడబెట్టుకున్న బతిమాలే మాటలన్నీ నోట్లోనే ఉండిపోయాయి. మా ఆయన్ని చేతులు చాపమని, వేళ్ళమీద ఒక కాగితం పరిచింది. అది గాలికి ఆకులా ఊగింది. తర్వాత మంచినీళ్ళ గ్లాసిచ్చి, "ఒక్క గుటక మింగండి" అంటూ మెడకేసి చూసింది.

"థైరాయిడ్ అనుకుంటాను. అతిగా పనిచేస్తోంది. రక్తపరీక్ష చేద్దాం."

"చేతులు పోతాయా అమ్మా?" అన్నాడు మా ఆయన.

"ఎక్కడికీ పోవు. మాత్రలు మానకుండా వేసుకోవాలి, నేను రమ్మన్నప్పుడు రావాలి."

పరీక్షలో అదే తేలింది. పరీక్షకీ మాత్రలకీ అన్నిటికీ కార్డే సరిపోయింది. దడ వారంలో తగ్గింది, తిన్నది మెల్లగా ఒంటపట్టింది. రెండు నెలలకి డాక్టరమ్మ మళ్ళీ కాగితం పరిచి చూసి, "నా చెయ్యే ఎక్కువ వణుకుతోంది" అంది.

ఆ రోజు కిందికొచ్చాక నేను దిగాను గానీ మా ఆయన దిగలేదు. జనం ఎక్కారు, లిఫ్ట్ పైకెళ్ళి మళ్ళీ వచ్చింది. ఆయన ఇంకా లోపలే, ఓ మూల నిలబడి ఉన్నాడు. మామూలుగానే పదిసార్లు అడిగితే ఒక మాట మాట్లాడే మనిషి.

"ఏ అంతస్తు అబ్బాయ్ నీకు?" అన్నాడు బాబాయి.

"దిగాల్సిందేం లేదు బాబాయ్. మీకు చూపిద్దామని" అంటూ మా ఆయన కుడిచెయ్యి ఆయన మొహం ముందు చాపాడు. అది అలాగే నిలిచి ఉంది, ఒక్క వేలు కూడా కదల్లేదు.

బాబాయి దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. బయట స్ట్రెచర్ దగ్గరున్నతను "లిఫ్టు ఖాళీ చేయండయ్యా!" అని అరుస్తున్నా ఇద్దరిలో ఎవరూ చెయ్యి వదల్లేదు.