సహెరీ తిన్న ఫాస్టింగ్

రాయచోటి మౌలాలి ఖతర్ దేశంలో, అల్ హిలాల్‌లో ఒక ఖతరీ ఇంటి డ్రైవరు. మజ్లిస్‌లో అంటే అతిథుల చావడిలో, వచ్చినవాళ్ళు తినగా మిగిలిన మాంసం అన్నం, కొవ్వు తేలుతూ, రోజూ అతని గదికి వచ్చేది. వద్దనడం మర్యాద కాదని మౌలాలి నమ్మకం. ఏడేళ్ళలో ఒక్కసారి కూడా మర్యాద తప్పలేదు.

తొంభై ఆరో సంవత్సరంలో ఆ మర్యాద తలకెక్కింది. సిగ్నల్ దగ్గర కారు ఆగినా లోకం ఆగేది కాదు, గిర్రున తిరిగేది. వెనక సీట్లో యజమాని పిల్లలు ముగ్గురు. సంగతి తెలిస్తే తనను ఇంటికి పంపేస్తారని భయం, తెలియకపోతే ఆ పిల్లలకేమవుతుందోనని అంతకంటే భయం. చివరికి క్లినిక్‌కి వెళితే డాక్టరు రక్తపరీక్ష రాసి, ఫాస్టింగ్‌తో రమ్మన్నాడు.

ఫాస్టింగంటే మౌలాలికి తెలియనిదా? చిన్నప్పటినుంచీ రంజాన్ ఉపవాసాలు, రోజాలు, ఉంటున్నవాడు. తెల్లవారుజామునే లేచి, పగలంతా ఆగాలి కదా అని, పీకల దాకా మాంసం అన్నంతో సహెరీ కానిచ్చి, ఉపవాస సంకల్పంగా నీయత్ చెప్పుకుని, తొమ్మిదింటికి దర్జాగా చెయ్యి చాచాడు.

ల్యాబులో రక్తం తీసే సుధాకరరావుది ఏలూరు. గొట్టంలో రక్తం పైన తేటగా ఉండాల్సిన నీరు పాలలా తెల్లగా ఉండేసరికి, ఏం తిన్నావని అడిగాడు. మౌలాలికి రోషం వచ్చింది.

"రోజా ఉండాను సార్. సహెరీ తర్వాత నీళ్ళు గూడా ముట్టలేదు."

"రోజా కాదయ్యా మౌలాలీ, రాత్రి నుంచీ ఏమీ తినకూడదు."

మౌలాలికి ప్రాణం లేచొచ్చింది. తప్పు సహెరీది, తనది కాదు! మర్నాడు నిజంగానే కడుపు మాడ్చుకుని వెళ్ళాడు. పాలు కాస్త పలచబడ్డాయి, అంతే. ఇంత కొవ్వుతో మెడలో రక్తనాళాలు పూడుకుని మెదడుకు రక్తం తగ్గుతోందని డాక్టరుగారి అనుమానమనీ, కొన్నాళ్ళు స్టీరింగూ మాంసమూ రెండూ ముట్టొద్దన్నారనీ సుధాకరరావు నెమ్మదిగా చెప్పాడు.

ఆ మధ్యాహ్నం మౌలాలి కారు తాళాలు యజమాని ముందు పెట్టి, కళ్ళు తిరిగే సంగతి ఒప్పుకున్నాడు; మాంసం మాట మాత్రం, మర్యాద కాదని, ఎత్తలేదు. యజమాని పంపెయ్యలేదు. పిల్లల్ని కాపాడావని భుజం తట్టి, నయమయ్యేదాకా పడుకోమన్నాడు. మౌలాలి గదికొచ్చి కరువుతీరా ఏడ్చాడు.

సాయంత్రం పనిమనిషి శ్యామల పళ్ళెం తెచ్చింది. ఈసారి మిగిలింది కాదు. జబ్బు మనిషికని యజమాని తల్లి దగ్గరుండి వండించిన మాంసం, పైన గరిటెడు నెయ్యి. నోరూరింది, డాక్టరు మాటా గుర్తొచ్చింది.

"రోజా ఉండానని చెప్పమ్మా," అన్నాడు.

శ్యామల గుమ్మంలో చతికిలబడింది. "అయితే ఉంటాన్లే అన్నయ్యా, రోజా విడిచే మగ్రిబ్ అజాన్‌కి పది నిమిషాలేగా. నువ్వు తినేదాకా కదలొద్దన్నారు పెద్దమ్మగారు."

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, అజాన్ ఆలస్యమైతే బాగుండునని మౌలాలి అల్లాను వేడుకున్నాడు.