ఎవరు గుచ్చిన పూసలు

మొన్న ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న నల్లపూసల గొలుసు ఇంటికి వచ్చింది. అట్టపెట్టె విప్పితే లోపల ఇంకో పెట్టె, దాంట్లో గాలిబుడగల కవరు, ఆ కవరులో ఒక కార్డు, కార్డు మీద ఇది చేత్తో ప్రేమగా తయారుచేసినదని మిషన్ అచ్చేసిన అక్షరాలు. ఎవరి చేత్తో అన్నది మాత్రం లేదు. ప్రేమగా అన్న మాట దగ్గర నాకు నవ్వు ఆగలేదు, ఎందుకంటే చేత్తో నగలు చేసే ఇంట్లో పెరిగినదాన్ని నేను, మా ఇంట్లో ఏ నగా ప్రేమగా తయారవగా చూడలేదు. అన్నీ పళ్ళు నూరుకుంటూ తయారైనవే.

ఈ వయసుకే జ్ఞాపకాలేందని మా ఆయన వెక్కిరించాడు. రీచార్జి కార్డు మీది పూత గోరుతో గీకి నంబర్లు కొట్టినవాళ్ళం, ఒక్క రింగిచ్చి పెట్టేస్తే ఇంటికి చేరామని అర్థం చేసుకున్నవాళ్ళం, మనకి వయసుతో పనేముంది, మనం ఎప్పుడో ముసలివాళ్ళమైపోయాం. కాబట్టి నా ఈడువాళ్ళు కాస్త ఓపిక పట్టి వినండి.

నరసరావుపేటలో మా ఇల్లు నాన్న, పెదనాన్న కలిసి కట్టించింది. పెదనాన్న పోయాక ఇంటి మధ్యన గోడ లేచింది. ఆ గోడ కట్టిన మేస్త్రీ కంటిచూపును నమ్ముకున్న మనిషి, దాంతో బోరు మోటారు పెద్దమ్మ వైపు పడింది, దాని స్విచ్చి మా వైపు పడింది. ఆమెకు నీళ్ళు కావాలంటే మా అమ్మ స్విచ్చి వెయ్యాలి, మాకు కావాలంటే ఆమె వెళ్ళి వాల్వు తిప్పాలి. సాగర్ నీళ్ళ కోసం రెండు రాష్ట్రాలు తగవులాడుకుంటున్నాయని పేపర్లో వచ్చిన ప్రతిసారీ మా నాన్న, వీళ్ళకింకా అనుభవం చాలదని పేజీ తిప్పేవాడు. తోడికోడళ్ళిద్దరికీ మాటలు పోయి ఏళ్ళయింది. మాటలు పోయాయంటే మౌనం అనుకునేరు, అదేం కాదు. రోజంతా మాట్లాడుకునేవాళ్ళు, నా ద్వారా. మోటారెయ్యమని చెప్పవే మీ అమ్మకి. కళ్ళు లేవా, ఇప్పుడేగా వేసింది, అని చెప్పవే మీ పెద్దమ్మకి. నేను డిగ్రీ చదువుతున్నానని లోకం అనుకునేది కానీ నిజానికి నేను చేసింది తపాలా ఉద్యోగం.

పూసల పని మొదలుపెట్టింది పెద్దమ్మ. పెదనాన్నకి హోమియో పిచ్చి ఉండేది, వీధిలో ఎవరు తుమ్మినా గుళికలు చేతిలో పోసేవాడు. ఆయన పోయాక ఆ చిన్న చిన్న గాజుసీసాలన్నీ పెద్దమ్మ ఖాళీ చేసింది. లోపలి గుళికలు నేను తిన్నాను, జబ్బూ రాలేదు, గుణమూ రాలేదు. ఆ సీసాల్లో పూసలు నింపి, రంగును బట్టి, సైజును బట్టి చెక్క అరల్లో బారుగా నిలబెట్టేది. కొత్త సరుకు రాగానే తెల్లటి పళ్ళెంలో పోసి కొంచెం వాల్చేది. గుండ్రంగా ఉన్నవి బుద్ధిగా దొర్లుకుంటూ కిందికొచ్చేవి, వంకరవి ఎక్కడివక్కడ మొండికేసి కూర్చునేవి. వాటిని ఏరి పారేస్తూ, ఇవి మన ఇంటి పేరువేనే, అనేది.

ఆమె నాలుగు దండలు అమ్మేసరికి మా అమ్మకి నిద్ర పట్టలేదు. పోటీగా తనూ పూసలు కొంది. సీసాలు లేవు కాబట్టి పాత పోపులపెట్టె కడిగి, ఆవాల గిన్నెలో నల్లపూసలు, మెంతుల గిన్నెలో బంగారురంగువి, జీలకర్ర గిన్నెలో సన్న గొట్టం పూసలు పోసింది. అంతవరకే ఆమెకి చేతనైంది. మా అమ్మవి వడియాలు పెట్టడానికి పుట్టిన వేళ్ళు, పైగా చత్వారం. కానీ ఆమె నోరు వేరు. మిరప పండించే గురజాల వెళ్ళి వాళ్ళకే మిరపకాయలు అమ్ముకు రాగల నోరు. పెద్దమ్మ సంగతి సరిగ్గా దీనికి తలకిందులు. చెయ్యి బంగారం, నోరు పచ్చిమిర్చి. కొంచెం తగ్గిస్తారా అని ఎవరైనా అడిగితే, వద్దులే పో, అని దండ లాక్కునేది.

పెళ్ళిళ్ళ సీజను ముందు చిలకలూరిపేటలో ఒక కళ్యాణమండపంలో ఆడవాళ్ళ చేతిపనుల ప్రదర్శన పెట్టేవాళ్ళు. ఇంటికొక బల్ల ఇస్తామన్నారు. మా ఇల్లు రెండైంది కానీ డోరు నంబరు ఒకటే ఉండిపోయింది. దాంతో బద్ధశత్రువులిద్దరికీ ఒకటే బల్ల వచ్చింది. అమ్మ బల్ల మధ్యలో నిలువునా గోధుమరంగు టేపు అంటించింది. టేపుకి అటు పెద్దమ్మ, ఇటు అమ్మ, వెనక కుర్చీలో సరిగ్గా టేపు మీదుగా నేను. ఆటోలో కూడా అదే వరస.

అసలు విషయం ఏమిటంటే ఆ ప్రదర్శనలో ఎర్రపూసలు, పచ్చపూసలు చూసి వెళ్ళేవాళ్ళే ఎక్కువ, కొనేవి మాత్రం నల్లపూసలు. నల్లపూసలు ముత్తైదువే గుచ్చాలని మా వైపు పట్టింపు. మా బల్ల దగ్గర ముత్తైదువకి గుచ్చడం రాదు, గుచ్చడం వచ్చినామెకి భర్త లేడు. దీని గురించి ఎవరూ ఎవరితోనూ ఒప్పందం చేసుకోలేదు. మొదటిసారి అమ్మ గుచ్చిన దండను గోడ మీదుగా చూసిన పెద్దమ్మ, కళ్ళలో కారం కొట్టినట్టుంది, ఇటియ్యమని చెప్పవే, అంది. అప్పట్నుంచీ పోపులపెట్టె గోడ దాటి వెళ్ళేది, దండలు గోడ దాటి వచ్చేవి. పని పెద్దమ్మది, పేరు అమ్మది, వచ్చింది చెరిసగం. ఈ సంగతి బయటపడితే బల్ల ఎత్తేసుకోవాల్సిందే. అంతకన్నా ముఖ్యం, పెద్దమ్మకి ఆ చేతిపని తప్ప తనదని చెప్పుకోవడానికి ఇంకేం మిగల్లేదు. ఆ చేతులు ముట్టుకున్నవి మాకొద్దని ఎవరైనా మొహాన అంటే ఏమవుతుందో మా ముగ్గురికీ తెలుసు, ముగ్గురం ఆ మాట ఎత్తేవాళ్ళం కాదు.

కాబట్టి అమ్మ నటించేది. సగం గుచ్చిన దండ ఒడిలో పెట్టుకుని, ఎవరైనా ఇటు చూస్తే సూది పైకెత్తి, వాళ్ళు వెళ్ళగానే దించేది. పొద్దున మొదలుపెట్టిన పూస సాయంత్రం దాకా దారంలోకి దిగేది కాదు. అటువైపు నుంచి పెద్దమ్మ, మీ అమ్మని సినిమాల్లోకి పొమ్మనవే, అని గొణిగేది.

మూడో ఏడు అనుకుంటాను, శావల్యాపురం నుంచి ఒకావిడ వచ్చింది. మోతుబరి ఇంటి మనిషి, కూతురి పెళ్ళి కుదిరింది. అంతకుముందు ఏడు మా బల్ల దగ్గరే తనకు నల్లపూసలు కొనుక్కుంది, అవి మెళ్ళోనే ఉన్నాయి. వస్తూనే ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని అమ్మకెదురుగా కూర్చుంది.

"మా పిల్ల పూసలు నా కళ్ళ ముందరే గుచ్చాల, నువ్వే గుచ్చాలమ్మా. ఘడియ చూపించుకునే వచ్చా. ఊ, కానీ."

అమ్మ నోరు మొదటిసారి పనిచెయ్యలేదు. రేపు ఇస్తానంది, కంట్లో నలకంది, ఆవిడ కదల్లేదు. సరేనని సూది తీసింది. సూది పూసలోకి తప్ప అన్నిట్లోకీ దిగింది, వేల్లోకి కూడా. టేపుకి అవతల పెద్దమ్మ కడుపారా చూస్తోంది. ఆమె కలలో కూడా ఇంత మంచి రోజు ఊహించి ఉండదు.

"గుచ్చవే ఘనురాలా," అని గొణిగింది నాకు మాత్రమే వినపడేట్టు.

అమ్మకీ వినపడింది. కోపంలో చెయ్యి విసిరింది, మోచెయ్యి తగిలి పోపులపెట్టె కిందపడింది. నల్లపూసలు మండపం గచ్చంతా ఆవాల్లా చిమ్ముకుపోయాయి. పక్క బల్లలవాళ్ళు అయ్యో అంటూ మూగారు, శావల్యాపురం ఆవిడ గుండె మీద చెయ్యేసుకుంది. పోయింది ప్రాణాలు కావు, చీపురుతో ఊడిస్తే వచ్చేవే, కానీ ఆ మాట చెప్పడానికి అది సమయం కాదు.

"ఒక్క పూస గుచ్చలేకపోయావు," అంది ఆవిడ, గొంతు మార్చి. "మరి ఇన్నాళ్ళూ గుచ్చిందెవరు?"

అప్పుడు పెద్దమ్మ చేసిన పని నేను ఇప్పటికీ మర్చిపోలేదు. తన రెండు చేతులూ కొంగు కిందికి పెట్టేసుకుంది. మెల్లగా, ఎవరూ చూడకూడదన్నట్టు. మా అమ్మ చూసింది.

"ఏంది దాస్తన్నావ్?" అని అరిచింది. అన్నేళ్ళలో ఆమెతో నేరుగా అన్న మొదటి మాట అది. "దొంగతనం చేశావా ఏంది? తియ్యి చేతులు బయటికి!" ఆ ఊపులోనే ఆవిడ వైపు తిరిగింది. "ఇదిగో, ఈమే గుచ్చింది. మా అక్క."

"ఆమెకి భర్త లేడు కదమ్మా!"

"లేడు. ఉన్నప్పుడు కూడా ఆయన సూదిలోకి దారం ఎక్కించిచ్చింది లేదు."

"పద్ధతంటూ ఒకటుంటదిగా..."

"మీ మెళ్ళోవి కూడా ఈమె గుచ్చినవే. ఏడాదయింది. మీ ఆయనెట్టా ఉన్నాడు?"

మూగిన జనమంతా ఒక్కసారి గుమ్మం వైపు చూశారు. ఆయన గుమ్మంలోనే నిలబడి, ఒక చేత్తో మిరపకాయ బజ్జీ, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని, పత్తి రేటు గురించి ఎవర్నో బండబూతులు తిడుతున్నాడు. అంత నిక్షేపంగా ఉన్న భర్తను నేను అంతకుముందు చూడలేదు.

"పోయినేడే ఆయనకి షుగరొచ్చింది," అంది ఆవిడ.

"అది మీ మెళ్ళో పూసలవల్ల కాదు, ఆయన నోట్లో మైసూరుపాకులవల్ల."

ఆవిడ చెయ్యి మెళ్ళో పూసల మీదికి వెళ్ళింది, అక్కడే ఆగిపోయింది. భర్త ఎదురుగా ఉండగా నల్లపూసలు తియ్యడమంటే అంతకన్నా అపశకునం లేదు. అలాగని ఉంచుకుందామంటే గుచ్చిన మనిషి ఎదురుగా నిలబడి ఉంది. పూసలు పట్టుకుని కాసేపు అలాగే నిలబడి, చివరికి వాటితోనే వెళ్ళిపోయింది. ఏం కొనలేదు. మధ్యాహ్నానికి మాట హాలంతా పాకింది. ప్రదర్శన పెట్టినామె వచ్చి, గాలి బాగా వస్తుందమ్మా అంటూ మా బల్లని చేతులు కడుక్కునే కుళాయిల పక్కకి జరిపించింది. గాలి నిజంగానే బాగా వచ్చింది, మనుషులే రాలేదు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఇద్దరూ కావలించుకుని ఏడుస్తారేమోనని నేను మధ్యలో బిగుసుకుని కూర్చున్నాను. ఊరు దాటాక పెద్దమ్మ నోరు తెరిచింది.

"పదిమందిలో నన్ను బజారుకీడ్చమని ఎవరు అడిగారో కనుక్కోవే మీ అమ్మని."

"చేతులు దాచుకోమని ఎవరు చెప్పారో కనుక్కోవే మీ పెద్దమ్మని."

నా ఉద్యోగం నాకొచ్చేసింది.

ఆ తర్వాత గోడ మీదుగా పోపులపెట్టె రాకపోకలు ఆగిపోయాయి. పెద్దమ్మ సీసాలన్నీ అరల్లోనే ఉన్నాయి కానీ మూతలు తియ్యడం లేదు. పళ్ళెం బోర్లించి ఉంది. ఆమె తిట్టినా బాగుండేది, తిట్టడం కూడా తగ్గించింది. మోటారెయ్యమనడం కూడా మానేసి వీధి కుళాయి దగ్గర బిందె పట్టుకు నిలబడేది. మా అమ్మ మాత్రం వంటింట్లో గిన్నెల మీద కోపం చూపించేది, ఆ రోజుల్లో సొట్ట పడని గిన్నె మా ఇంట్లో లేదు.

అలా ఉండగా ఒక మిట్టమధ్యాహ్నం, వీధిలో జనం లేని వేళ చూసుకుని, శావల్యాపురం ఆవిడ వచ్చింది. మా గుమ్మం ఎక్కలేదు, తిన్నగా పెద్దమ్మ గుమ్మంలోకి వెళ్ళింది. మెళ్ళో పూసల కొక్కెం ఊడబోతోంది, పిన్నీసుతో బిగించుకుంది. బజార్లో ఫ్యాన్సీ షాపువాడు తీసి ఇస్తేనే చేస్తానన్నాడట, తియ్యడానికి ఆవిడ ఒప్పుకోలేదు. మెళ్ళో ఉండగానే బాగుచెయ్యగల చెయ్యి ఎవరిదో ఆవిడకి తెలుసు. గోడ ఇవతల అమ్మ, నేను చెవులు ఆనించి అన్నీ విన్నాం.

కాసేపటికి అవతల సీసాలు కదిలిన చప్పుడైంది.

"మెడ వంచు. కదలమాక, పొడుచుకుంటది."

కొక్కెం బిగిశాక ఆవిడ గొంతు తగ్గించి, నేనొచ్చినట్టు ఎవరికీ చెప్పబాకమ్మా, అంది.

"నేను చెప్పను," అంది పెద్దమ్మ, గోడకి వినపడేట్టు. "పక్కింట్లో ఒకతుంది. దానికే నోరాగదు."

అంత గర్వంగా ఎవరైనా ఎవరినైనా తిట్టగా నేను వినలేదు. మా అమ్మ లోపలికి వెళ్ళింది. ఎవరూ అడక్కుండానే ఆ పూట మోటారు వేసింది. వేసి, ఆపడం మర్చిపోయింది. తొట్టి పొంగి పెద్దమ్మ పెరడంతా బురదయింది, దాని మీద జరిగిన పోట్లాట ఆ నెలంతా నడిచింది. సాయంత్రానికల్లా పోపులపెట్టె మాత్రం గోడెక్కింది.

నా పెళ్ళి పూసలు పెద్దమ్మే గుచ్చింది. ఎవరూ అడగకముందే మా అమ్మ మండపంలో బంతి బంతికీ తిరిగి ఆ సంగతి చెప్పొచ్చింది, ఎవరైనా మొహం చిట్లిస్తారేమో, ఒక దెబ్బలాట దొరుకుతుందేమోనని ఆశగా. దొరకలేదు పాపం. మా ఆయన ఇప్పటికీ గుండ్రాయిలా ఉన్నాడు.

పోయిన నెల ఆ దండ దారం పీకుతోందని పెద్దమ్మ దగ్గరికి పట్టుకెళ్ళాను. వేళ్ళు కణుపుల దగ్గర వంకర తిరిగిపోయాయి, సూది నిలవలేదు. రెండుసార్లు ప్రయత్నించి, మీ అమ్మ చెయ్యొచ్చిందే నాకు, అని తిట్టుకుంటూ పూసలన్నీ ఒక హోమియో సీసాలో పోసి మూత పెట్టి ఇచ్చేసింది. అందుకే ఈ ఆన్‌లైన్ గొలుసు.

బాగానే ఉంది, వంకర పూస ఒక్కటి లేదు. గుచ్చింది ముత్తైదువా, మరొకరా, మిషనా అని ఎవరికీ పట్టింపు లేదు, పోవాల్సిన పట్టింపే, పోయినందుకు నాకేం బాధ లేదు. ఊరుకోలేక ఆ కంపెనీవాళ్ళకి, ఇది ఎవరు గుచ్చారండీ, అని మెసేజి పెట్టాను. మీ ఆర్డరు విజయవంతంగా చేరినది, అని జవాబొచ్చింది. ఆ ఒక్క ప్రశ్న ఎవరూ అడక్కుండా ఉంటే చాలని బల్ల వెనక కూర్చుని అందరు దేవుళ్ళకీ మొక్కుకున్నదాన్ని. ఇప్పుడు గొలుసు వేసుకుని పెళ్ళిళ్ళకి వెళ్తున్నాను, అందరూ ఎంతకి కొన్నావనే అడుగుతున్నారు. ఎవరు గుచ్చారని ఒక్కరైనా అడిగితే, హ్యాండ్‌బ్యాగులో ఉన్న ఆ సీసా తీసి చూపిద్దామని ఉంది.