పొగ వాసన వేసిన గుక్క

తాగుడు మానేశాక నాకు సాక్ష్యం చెప్పడం బాగా అలవాటైంది. మా చర్చిలో ఎవరి ఇంట్లో తాగుబోతు ఉన్నా నన్ను పిలిచి మాట్లాడించేవారు. "ఇప్పుడు ఆ వాసన వస్తే చాలు, వాంతి వస్తుంది" అని ప్రతిసారీ చెప్పేవాణ్ణి. అది నిజమే. అయినా దిల్‌సుఖ్‌నగర్‌లో మా గల్లీ మొదట ఉన్న వైన్స్ ముందు ఊపిరి బిగబట్టి నడిచేవాణ్ణి. చెప్పీ చెప్పీ ఆ వాంతే నాకు కాపలా అని నమ్మేశాను. దేవుడి కంటే నా ముక్కునే ఎక్కువ నమ్మానని ఇప్పుడు తెలుస్తోంది.

నిరుడు మా అక్కవాళ్ళు నాగోలులో ఫ్లాటు కొన్నారు. ఆదివారం గృహప్రతిష్ఠ ప్రార్థన. పాపకు జ్వరమని నా భార్య రాలేదు. భోజనాలయ్యాక పాస్టరు అయ్యగారు వెళ్ళిపోయారు. అక్క వంటింట్లో గిన్నెలు సర్దుకుంటోంది. బావ నన్ను బాల్కనీలోకి పిలిచి తలుపు దగ్గరగా వేశాడు.

"తాగుమంటలేను బామ్మర్ది. జర వాసన చూడు, గంతే. దోస్తు ఎయిర్‌పోర్టుల కొన్కొచ్చిండు. సింగిల్ మాల్ట్."

"వద్దు బావా. నాకు వాసనే పడదు."

"అబ్బో, సాక్ష్యం షురూ జేసిండు! ఇది మన క్వార్టర్ సీసా లెక్క ఉండదు, చూడు."

మొహం చిట్లించి తిరిగిచ్చేసి, నేనేమిటో బావకు చూపిద్దామని గ్లాసు అందుకున్నాను. విస్కీ వాసన రాలేదు. తడి కట్టెలు అంటుకున్నప్పటి పొగ, దాని వెనక దవాఖానలో గాయానికి పూసే మందు వాసన. కడుపులో ఏమీ కదల్లేదు. అప్పుడే భయపడాల్సింది.

"ఇది తయారుజేసేకాడ బురదమట్టి గడ్డలు ఎండవెట్టి కాలుస్తరంట. ఆ పొగల బార్లీ ఆరవెడ్తరంట" అన్నాడు బావ. "ఆఖర్ల వైన్ పీపాలల్ల వోసి పెడ్తరు. అంటే ద్రాక్షరసం పీపాలే గదా! పొద్దున బల్ల తీస్కోలేదా నువ్వు?"

ప్రభువు బల్ల దగ్గర తీసుకున్న ద్రాక్షరసాన్ని దీనితో కలిపి మాట్లాడుతుంటే కోపం రావాలి. నేను నవ్వాను. నవ్వుతూనే గుక్కెడు తాగాను.

ముందు పొగ, కాస్త ఉప్పన. మింగాక ఎండుద్రాక్ష తీపి మెల్లగా పైకి వచ్చి గొంతులో వెచ్చగా నిలిచింది. తాగి తిరిగిన రోజుల్లో ఇంత మంచి రుచి ఎన్నడూ ఎరగను. బావ మూత పెట్టబోతుంటే నా చెయ్యి గ్లాసును ముందుకు జరిపింది. బావ నవ్వు ఆగిపోయింది.

"ఏయ్, సాలు బామ్మర్ది."

"కొంచెం" అన్నాను. ఇంకేమీ అనకుండా పోశాడు.

షేర్ ఆటోలో పక్కనున్నామెకు వాసన తగలకుండా మొహం బయటికి తిప్పుకుని కూర్చున్నాను. ఎల్బీనగర్‌లో దిగి మెట్రో వైపు నడుస్తుంటే దారిలో ఒక వైన్స్. ఊపిరి బిగబట్టడం మరిచిపోయాను. పాత వాసన వచ్చింది. వాంతి రాలేదు, నోట్లో నీళ్ళూరాయి. స్టేషన్ మెట్లు పరుగెత్తుకుంటూ ఎక్కాను. ఎవరో తరుముతున్నట్టే ఉంది.

తలుపు తీసిన నా భార్య ముక్కు ఎగబీల్చింది.

"ఏందిది, పొగ వాసనొస్తున్నవ్? కట్టెల పొయ్యి మీద వండిన్రా ఆడ?"

అవునంటే చాలు, అబద్ధం ఆమే నా చేతికిచ్చింది. తల ఊపబోయాను. ఆ క్షణంలోనే, వచ్చే ఆదివారం కూడా ఇదే చెప్పొచ్చు కదా అన్న ఆలోచన వచ్చింది.

"పొయ్యి గాదు. తాగిన."

ఆమె తలుపు రెక్క పట్టుకుని అలాగే నిలబడింది. "ఎంత?"

"రెండోసారి అడిగి పోయించుకున్న."

"ఇంక తాగబుద్ధైతున్నదా?"

ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. ఈ ప్రశ్నకు సిద్ధంగా లేను.

"అయితున్నది."

లోపలినుంచి తాళం వేసి, తాళంచెవి కొంగుకు ముడేసుకుంది. "పోయి పిల్ల కాడ కూసో" అని వంటింట్లోకి వెళ్ళింది.

నా ఊపిరి పాపకు తగలకుండా మొహం పక్కకు పెట్టి, నుదుటి మీద తడిగుడ్డ మార్చాను. వంటింట్లో ఆమె అటూ ఇటూ తిరుగుతుంటే ఆ ముడి కనిపిస్తోంది. కళ్ళు అక్కడికే పోతున్నాయి. నేను అడిగితే, నాతో వేగి వేగి అలిసిపోయిన మనిషి, ఏమీ అనకుండా విప్పి ఇచ్చేస్తుందేమోనని భయం వేసింది.